కొత్త డ్రైవ్ కొనొద్దని సేటుకి చెప్పు

గాజువాక,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. క్షేమసమాచారం రెండు లైన్లు, మోటార్లు ట్రిప్పయి ఆగిపోయే గోల నాలుగు పేజీలు! చెల్లెమ్మ ఎలా ఉందో, పిల్లాడు నడుస్తున్నాడో లేదో ఒక్క ముక్క లేదు, మోటార్ వేగాన్ని మార్చే ఆ డ్రైవ్ ఫాల్ట్ కోడ్ మాత్రం మూడు చోట్ల అండర్‌లైన్ చేసి మరీ రాశావు. బాలానగర్ ప్యానెల్ షాపులో కొత్త బస్‌బార్ల మధ్య శుభ్రంగా వైరింగ్ చేసుకునేవాడివి, యాసంగి వడ్లు దిగే టైమ్ చూసుకుని మిర్యాలగూడ మిల్లులో మెయింటెనెన్స్ చార్జి తీసుకున్నావు. నీ ధైర్యానికో దండం. సరే, అడిగావు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. బయట ఎండకి ఎలాగూ కాలు పెట్టలేం.

ముందు ఊక బ్లోయర్ సంగతి. స్టాప్ నొక్కగానే ఓవర్ వోల్టేజ్ అని ట్రిప్పవుతోంది, 40 హెచ్‌పీ డ్రైవ్ తీసేసి 50 హెచ్‌పీది పెడదామని సేటు అంటున్నాడు. అవునా? కొననివ్వకు. 50 కాదు, 100 హెచ్‌పీది పెట్టినా అదే ట్రిప్పు వస్తుంది.

ఎందుకో చెప్తా, సేటుకి కూడా ఇలాగే చెప్పు. మనమిచ్చే 415 వోల్టులు డ్రైవ్ లోపల డీసీగా మారితే బస్ మీద, అంటే లోపలి డీసీ కడ్డీల మీద, సుమారు 587 వోల్టులు ఉంటాయి. స్టాప్ కొట్టగానే డ్రైవ్ ఫ్రీక్వెన్సీ తగ్గించుకుంటూ పోతుంది, కానీ అంత పెద్ద ఇంపెల్లర్ ఆ వేగంతో ఆగదు కదా. దిగుడులో బరువు బండి ఎద్దుల్ని ముందుకి తోసినట్టు, ఫ్యానే మోటార్‌ని తిప్పడం మొదలుపెడుతుంది. మోటార్ కాస్తా జనరేటర్ అయిపోయి కరెంటుని వెనక్కి డ్రైవ్‌లోకి పంపుతుంది. ముందున్న డయోడ్ బ్రిడ్జి దాన్ని లైన్‌లోకి వెళ్ళనివ్వదు. అదంతా కెపాసిటర్లలో పేరుకుని బస్ వోల్టేజ్ పైకి లేస్తుంది. 800 ప్రాంతానికి రాగానే డ్రైవ్ తన ప్రాణం కాపాడుకోవడానికి ట్రిప్పవుతుంది. పెద్ద డ్రైవ్‌లో కూడా హద్దు ఆ ప్రాంతంలోనే ఉంటుంది.

కాబట్టి డిసలరేషన్ టైమ్, అంటే వేగం తగ్గించి ఆపడానికి డ్రైవ్ తీసుకునే సమయం, ఎంతుందో తెరిచి చూడు. ఐదో పదో సెకన్లు ఉంటుందని నా అనుమానం. కమిషనింగ్‌కి వచ్చినవాళ్ళు మోటార్ నేమ్‌ప్లేట్ విలువలు ఎక్కించి, తిరిగే దిశ చూసి, టీ తాగి వెళ్ళిపోతారు. మిగతాదంతా ఫ్యాక్టరీ సెట్టింగే. దాన్ని 60 సెకన్లు చేసి చూడు, చాలకపోతే 90. అంత మెల్లగా ఆపడం ఎందుకు అనుకుంటే కోస్ట్ టు స్టాప్‌లో పెట్టెయ్, ఫ్యాన్ దానంతటదే తిరిగి తిరిగి ఆగుతుంది. ఊక బ్లోయర్‌ని ఠక్కున ఆపాల్సిన అవసరం ఎవరికుంది? ఆ వెనక్కి వచ్చే కరెంటుని వేడిగా తగలెయ్యడానికి బ్రేక్ రెసిస్టర్ పెట్టమని ఎవడైనా కొటేషన్ తెస్తే మర్యాదగా టీ ఇచ్చి పంపించు. అది హాయిస్టులకి, సెంట్రిఫ్యూజులకి కావాలి.

కోస్ట్‌లో పెడితే ఒక తిరకాసు ఉంది. ఫ్యాన్ ఇంకా తిరుగుతుండగానే మీ మిల్లు నడిపే డ్రైవర్ మళ్ళీ స్టార్ట్ నొక్కుతాడు, అప్పుడు ఓవర్ కరెంట్ వస్తుంది. ఒకే డక్ట్ మీద రెండు బ్లోయర్లుంటే మరీను, ఆగి ఉన్నది రెండోదాని గాలికి వెనక్కి తిరుగుతూ ఉంటుంది. దానికి ఫ్లయింగ్ స్టార్ట్ అనో స్పీడ్ సెర్చ్ అనో ఒక పారామీటర్ ఉంటుంది, ఆన్ చెయ్. ఇంకోటి, ట్రిప్పయిన వెంటనే రీసెట్ నొక్కే అలవాటు మాన్పించు. ట్రిప్పయిన క్షణంలో బస్ వోల్టేజ్ ఎంత, కరెంట్ ఎంత, ఎన్ని హెర్ట్జ్‌లో ఉంది, ఇవన్నీ చాలా డ్రైవ్‌ల ఫాల్ట్ హిస్టరీలో దొరుకుతాయి. ముందు ఫోన్‌తో ఒక ఫొటో, ఆ తర్వాతే రీసెట్.

మధ్యాహ్నం రెండింటప్పుడు వచ్చే ట్రిప్పు వేరు, దీనికీ దానికీ సంబంధం లేదు. అది వేడి. డ్రైవ్‌లకి సాధారణంగా 40 డిగ్రీల వరకే పూర్తి రేటింగ్, ఆపైన డిగ్రీకి సుమారు ఒక శాతం చొప్పున కరెంట్ తగ్గించుకోమని మాన్యువల్‌లోనే ఉంటుంది. మీ దగ్గర బయటే 44, 45. ప్యానెల్ లోపల ఇంకో పది కలుపుకో. ఫిల్టర్ మీద తవుడు ముద్ద కట్టి ఉంటుంది, తీసి చూశావా? చూసే ఉంటావులే, నీకది చెప్పక్కర్లేదు. కానీ కంప్రెసర్ గాలితో ఊదించకు. ఆ గాలిలో నీళ్ళూ నూనే ఉంటాయి, పైగా దుమ్ము పోయి కార్డుల సందుల్లో కూర్చుంటుంది. వాక్యూమ్ క్లీనర్ కొనిపించు. కుదిరితే ఈ సీజన్ అయ్యాక ఆ ప్యానెల్‌ని బ్లోయర్ పక్క నుంచి పీకి, గోడ అవతల గదిలో పెట్టించు. కేబుల్ పెరుగుతుంది, పెరగనీ. బాగా పొడవైతే అవుట్‌పుట్ చోక్ ఒకటి వేసుకోవాలి, లేకపోతే మోటార్ వైండింగ్ మీద వోల్టేజ్ స్పైకులు పడతాయి. గ్లాండ్ ప్లేట్‌లో ఖాళీ కన్నాలు మూయించడం మర్చిపోకు. బల్లి ఒకటి బస్‌బార్ల మధ్య దూరిందంటే నీ పారామీటర్లన్నీ గంగలో కలుస్తాయి.

ఎక్కడ డ్రైవ్ పెట్టాలి, ఎక్కడ మోటార్‌ని తక్కువ వోల్టేజ్‌తో మొదలుపెట్టే స్టార్ డెల్టా స్టార్టర్ చాలు అని అడిగావు. గాలి తోలే యంత్రమైతే కళ్ళు మూసుకుని డ్రైవ్ పెట్టు. ఫ్యాన్ వేగం 80 శాతానికి దించితే పవర్ సుమారు 51 శాతానికి పడిపోతుంది, ఘనం లెక్క కదా. గాలి దారిలోని డ్యాంపర్ తలుపు సగం మూసి నడిపేవాళ్ళు ఆ కరెంటు డబ్బుల్ని డక్ట్‌లో పోస్తున్నట్టే. పాలిషర్‌కి మాత్రం నాకైతే డ్రైవ్ అక్కర్లేదనిపిస్తుంది. అది ఒకే వేగంతో తిరగాలి, మీ మిల్లు డ్రైవర్ అమ్మీటర్ చూసి లోడ్ సర్దుకుంటాడు, అంతే. స్టార్ డెల్టా చాలు, మరీ బెల్టులు తెగుతున్నాయంటే సాఫ్ట్ స్టార్టర్. కొనేటప్పుడు ఒక సంగతి చూసుకో. ఒకే డ్రైవ్ మీద రెండు రేటింగులు రాసి ఉంటాయి, నార్మల్ డ్యూటీకి 37 కిలోవాట్లు, హెవీ డ్యూటీకి 30 అన్నట్టు. బ్లోయర్‌కి నార్మల్ డ్యూటీ సరిపోతుంది. ఎలివేటర్ లాంటివి వడ్లతో నిండి ఉండగా స్టార్ట్ చేయాల్సి వస్తే హెవీ అంకె చూడాలి.

స్టార్ డెల్టా అన్నాను కాబట్టి రేపు పొద్దున్నే ఇది చూడు. మీ 50 హెచ్‌పీ పాలిషర్‌కి ఫుల్ లోడ్ కరెంట్ 68 ఆంప్స్ దాకా ఉంటుంది. ఓవర్‌లోడ్ రిలే, మోటార్‌కి కరెంటు కలిపి విడదీసే మెయిన్ కాంటాక్టర్ కింద, వైండింగ్‌కి వెళ్ళే దారిలో ఉంటే, దాంట్లో పారేది 58 శాతమే. అంటే సెట్టింగ్ 39, 40 ఉండాలి. చాలా మిల్లుల్లో నేమ్‌ప్లేట్ మీది 68 చూసి అదే పెట్టేస్తారు. ఆ మోటార్ కాలిపోయేదాకా రిలే కదలదు. రీవైండింగ్ షాపువాడికి మాత్రం పండగ.

కాంటాక్టర్లు కొనేటప్పుడు కూడా పెద్ద అంకె చూసి మోసపోకు. ఏసీ-1 అనేది హీటర్ల లాంటి లోడుకి, మోటార్‌కి చూడాల్సింది ఏసీ-3. మాటిమాటికీ కాస్త తిప్పి ఆపే ఇంచింగ్ ఎక్కువ చేసే చోట ఏసీ-4, అక్కడ అదే కాంటాక్టర్ ఇంకా తక్కువకే పనికొస్తుంది. కెపాసిటర్ ప్యానెల్‌లో మామూలు కాంటాక్టర్ వేస్తే ఆన్ అయ్యేటప్పటి కరెంటుకి కాంటాక్టులు అతుక్కుంటాయి, కెపాసిటర్ డ్యూటీవే వెయ్యి. అన్నట్టు, ఎల్‌అండ్‌టి కాంటాక్టర్ అడిగితే షాపువాడు వేరే పేరు డబ్బా ఇచ్చాడని కంగారు పడ్డావట. ఆ స్విచ్‌గేర్ వ్యాపారం 2020లో ష్నైడర్ చేతికి వెళ్ళింది, ఇప్పుడు లారిట్జ్ నుడ్సెన్ పేరుతో అమ్ముతున్నారు. డూప్లికేట్ అని అతనితో గొడవేసుకోకు.

ఇప్పుడు మా దగ్గర జరిగిందొకటి చెప్తా, నీ సెన్సార్ల గొడవకి పనికొస్తుంది. ట్యాంకుల దగ్గర కాయిల్‌కి కరెంటిస్తే తెరుచుకునే సోలినాయిడ్ వాల్వు ఒకటి, ఒక్కోసారి తెరుచుకునేది, ఒక్కోసారి లేదు. వాల్వు మార్చారు. కాయిల్ మార్చారు. ఆఖరికి యంత్రాల్ని ప్రోగ్రామ్ ప్రకారం నడిపే పీఎల్‌సీ అవుట్‌పుట్ కార్డు కూడా మార్చారు. ప్యానెల్‌లో మీటర్ పెడితే 24 వోల్టులు నిఖార్సుగా ఉన్నాయి, ఇంకేం కావాలని అందరి వాదన. నేను మీటర్ పట్టుకుని వాల్వు దగ్గరికే నడిచాను, అది ఆన్‌లో ఉండగా కొలిచాను. 20 కూడా లేవు! అరవై మీటర్ల దూరానికి ఎవరో అర స్క్వేర్ ఎంఎం వైరు లాగారు. కిలోమీటరుకి 36 ఓమ్‌ల లెక్కన, వెళ్ళీ వచ్చీ 120 మీటర్లకి నాలుగు ఓమ్‌ల పైమాటే. ఒక ఆంపియర్ లాగితే నాలుగు వోల్టులు దారిలోనే పోతాయి. కాయిల్‌కి పది శాతం తగ్గుదల వరకే ఓపిక, అంటే 21.6. ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరు లాగాక డ్రాప్ ఒకటిన్నర వోల్టులకి దిగింది, మళ్ళీ ఫిర్యాదు లేదు. మార్చిన కార్డు ఖరీదులో ఎన్ని కాయిల్స్ వైరు వచ్చేదో లెక్కేస్తే మా స్టోర్స్ ఆయనకి ఇప్పటికీ కడుపు మండుతుంది. అందుకే లోడ్ మీద కొలువు, లోడ్ దగ్గర కొలువు. వట్టి ప్యానెల్‌లో కొలిచి ఓకే అనకు.

దీనికి తిరగేసిన రోగం మీ బాయిలర్ ఫ్లోట్ స్విచ్‌ది. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా వైరు మీద 90 వోల్టులు చూపిస్తోందన్నావు కదా, ఇన్సులేషన్ పోయిందని కేబుల్ మొత్తం పీకకు. మల్టీకోర్ కేబుల్‌లో పక్క వైరు లైవ్‌లో ఉంటే కెపాసిటెన్స్ వల్ల ఖాళీ వైరు మీద దొంగ వోల్టేజ్ కనిపిస్తుంది. డిజిటల్ మీటర్ ఇంపీడెన్స్ 10 మెగాఓమ్‌లు, ఆ కాస్తకే అంకె చూపించేస్తుంది. టెస్ట్ ల్యాంప్ పెట్టు. వెలగకపోతే అది దొంగదే. వెలిగిందా, అప్పుడు కేబుల్ సంగతి చూద్దాం.

డ్రయ్యర్ టెంపరేచర్ ఎప్పుడూ ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందంటే, వేడి కొలిచే ఆ పీటీ-100 సెన్సార్‌కి మూడు వైర్లు లాగారా రెండేనా చూడు. డిగ్రీకి 0.385 ఓమ్ అంతే. రెండు వైర్లతో లాగితే దారిలోని మూడు ఓమ్‌లు కూడా వేడి కిందే లెక్కలోకి వస్తాయి. కంట్రోలర్‌లో ఆఫ్‌సెట్ వేసి సరిపెట్టేవాళ్ళున్నారు, నాకు నచ్చదు.

కేబుల్ అన్నాను కదా, ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ గురించి ఒక్కమాట. డ్రైవ్ మీద ఉన్న మోటార్‌ని మెగ్గర్ చేసేముందు డ్రైవ్ దగ్గర యూ, వీ, డబ్ల్యూ మూడు కేబుళ్ళూ విప్పి బయటికి లాగాలి. విప్పకుండా 500 వోల్టులు కొట్టావో, పాడవని డ్రైవ్‌ని నువ్వే పాడుచేసినవాడివవుతావు. ఇంకా ముఖ్యం, మెయిన్ ఆఫ్ చేసిన వెంటనే డ్రైవ్ మూత తియ్యనివ్వకు. ఎంతసేపు ఆగాలో దాని మీదే రాసి ఉంటుంది. అంతసేపూ ఆగి, డీసీ బస్ టెర్మినళ్ళ మీద మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి. లైన్‌మెన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోకుండా స్తంభం ఎక్కరు కదా, మిల్లు లోపల కూడా అలాగే తాళం వేసి, తాళంచెవి పనిచేసేవాడి జేబులో ఉండాలి. లోడింగ్ తొందరలో హమాలీల్లో ఎవరో ఒకరు స్విచ్ పైకి లేపుతారు. ఈ విషయంలో సేటు విసుక్కున్నా నువ్వు తగ్గకు.

పీఎల్‌సీ ఏది కొనాలన్నావు. కంపెనీ పేరు చెప్పను, మూడు ప్రశ్నలు చెప్తా. రాత్రి పాడైతే మర్నాడు సాయంత్రానికల్లా హైదరాబాద్ రాణిగంజ్‌లోనో ట్రూప్ బజార్‌లోనో కార్డు దొరుకుతుందా? దాని సాఫ్ట్‌వేర్ నీ ల్యాప్‌టాప్‌లో ఉంటుందా? ప్రోగ్రామ్, పాస్‌వర్డ్ రెండూ చేతికి ఇచ్చాకే ఆఖరి బిల్లు కడతామని ఆర్డర్‌లో రాయించావా? మూడోది రాయించుకోక, ఒక టైమర్ విలువ మార్చడానికి ప్యానెల్ కట్టినవాడి కాళ్ళు పట్టుకునే మిల్లులు నాకు తెలుసు. ఈ మూడూ తేలితే ఏ కంపెనీదైనా మీ ఎలివేటర్లకీ డ్రయ్యర్‌కీ చాలు.

మీ పాత ఎలక్ట్రీషియన్ పీఎల్‌సీ అంటే భయపడుతున్నాడన్నావు. పాపం ఆయనకి దాని కథ చెప్పు. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళు మోడల్ మారినప్పుడల్లా రిలే ప్యానెళ్ళు పీకి మళ్ళీ వైరింగ్ చేయలేక విసిగిపోయి, వేరే దారి కావాలని అడిగారు. డిక్ మోర్లీ బృందం మోడికాన్ 084 తెచ్చింది అప్పుడే. దాని ప్రోగ్రామ్ రాసే లాడర్ భాషని రిలే డ్రాయింగ్‌లాగే ఉంచింది మీ ఎలక్ట్రీషియన్ లాంటివాళ్ళు చదువుకోవాలనే. ఎన్ఓ, ఎన్‌సీ, హోల్డింగ్ కాంటాక్ట్ లాంటి రిలే సంగతులు తెలిసినవాడికి లాడర్ ఎంతసేపు? ఒకరోజు సాయంత్రం ఆయన చేత్తోనే ఒక స్టార్ డెల్టా రాయించి చూడు.

బియ్యంలో రంగు మారిన గింజల్ని ఏరే సార్టెక్స్ మెషీన్‌కి స్టెబిలైజర్ సంగతి ఇప్పుడు చెప్పలేను, దాని ఎర్తింగ్ ఎలా చేశారో, కంప్రెసర్ గాలికి డ్రయ్యర్ ఉందో లేదో నువ్వు రాయలేదు. అవి రాయి. వాటితోపాటు బ్లోయర్ మోటార్ నేమ్‌ప్లేట్ ఫొటో, డ్రైవ్ ఫాల్ట్ హిస్టరీ ఫొటోలు, డిసలరేషన్ టైమ్ ఎంత ఉండగా ఎంత చేశావో కూడా పంపు. చెల్లెమ్మని అడిగానని చెప్పు, ఈసారి పిల్లాడి సంగతులు ఒక పేజీ నిండా ఉండాలి.

ఇట్లు,
నీ పాత రూమ్మేట్