ఎగిరింది సరే, ఏం చూసింది?

సంపాదకులకు నమస్కారం.

2024 జనవరి 1 ఉదయం సూళ్లూరుపేటలో మా మేడ మీద పిల్లలతో నిలబడి పీఎస్‌ఎల్‌వీ-సీ58 ఎగరడం చూశాను. మర్నాడు ఏ పత్రిక తిరగేసినా అదే ఫొటో. అందులో వెళ్లిన, ఎక్స్‌కిరణాలను చూసే ఉపగ్రహం ఎక్స్‌పోశాట్ తొలిచూపు దేనిమీద పడిందో మాత్రం నేను ఇస్రో వెబ్‌సైట్‌లో వెతుక్కోవాల్సి వచ్చింది. అది కాసియోపియా-ఎ. సుమారు 11 వేల కాంతి సంవత్సరాల అవతల పేలిపోయిన నక్షత్రపు శిథిలం. జనవరి 5న ఉపగ్రహంలోని ఎక్స్‌స్పెక్ట్ పరికరం ఆ శిథిలంలో సిలికాన్, గంధకం, కాల్షియం, ఇనుము జాడలు పట్టింది. మన ఒంట్లో రక్తానికి, ఎముకకు కావలసినవే!

పేలుడు తాకిడికి వాయువు లక్షల డిగ్రీలకు వేడెక్కి ఎక్స్‌కిరణాలు చిమ్ముతుంది. వాటిని గాలిపొర నేలదాకా రానివ్వదు కాబట్టే ఉపగ్రహం. పాలపుంతలో ఇలాంటి శిథిలాలు ఇప్పటికి 300 దాకా దొరికాయి, వెయ్యికి పైనే ఉండాలని అంచనా. దాగినవాటిని పట్టడమే అసలు సరదా. 1998లో జర్మన్ శాస్త్రవేత్త బెర్న్డ్ ఆషెన్‌బాఖ్ రోశాట్ అనే ఎక్స్‌కిరణ ఉపగ్రహం పంపిన సమాచారంలో తక్కువ శక్తి కిరణాలను పిండి జల్లించినట్టు వదిలేసి, మిగిలినవే చూశారు. వేలా అనే పెద్ద శిథిలం మాటున ఇంకో శిథిలపు గుండ్రటి పెంకు బయటపడింది! చూస్తున్న చోటే, ఎవరికీ కనబడకుండా.

రాకెట్ పొగకు మొదటి పేజీ ఇస్తున్నారు, సంతోషం. ఆదివారం అనుబంధంలో ఉపగ్రహం చూపుకూ అర కాలమ్ ఇవ్వండి. మా పిల్లలు అడుగుతున్నారు.

– ఒక పాఠకుడు, సూళ్లూరుపేట