గుట్ట లేని చోట గుట్ట

కరీంనగర్,
ఆదివారం రాత్రి

ప్రియమైన సారయ్యకు,

నీ ఉత్తరానికి నెల దాటాక జవాబు రాస్తున్నాను, మన్నించు. హనుమకొండలో అందరూ క్షేమం. బాపుకు కంటి ఆపరేషన్ అయింది, చెల్లె పరీక్షలు ముగిశాయి. మిగతావి కలిసినప్పుడు చెబుతాను, ముందు నా గుట్ట సంగతి విను.

దిగువ మానేరు జలాశయంలో పూడిక కొలవడానికి పది రోజులుగా ఇక్కడ ఉన్నాము. పడవకు ఒక పక్కన నిలువుగా లోతు చూసే ఎకో సౌండర్‌ను, రెండో పక్కన అడుగును వెడల్పుగా చూసే మల్టీబీమ్‌ను బిగించాము. రెండూ ఒకే గొంతుతో, అంటే 200 కిలోహెర్ట్జ్ శబ్దంతోనే పనిచేస్తాయి. రెండింటినీ సెకనుకు 10 పింగులకు, అంటే నీటిలోకి పంపే పొట్టి కూతలకు, పెట్టిన మహానుభావుణ్ణి నేనే.

మూడో రోజున సౌండర్ తెర మీద 6 మీటర్ల లోతున ఒక గీత మొదలై, అచ్చం గుట్ట వాలులా మెల్లగా పైకి లేచింది. నేను సంబరపడి పటంలో గుర్తు కూడా పెట్టాను. పడవ నడిపే మల్లన్న తెర వైపు ఒకసారి చూసి, "గుట్టెక్కడిది సారూ ఈడ? మా బాపు దున్నిన చెల్క ఉండె" అన్నాడు. తాడుకు ఇనుప గుండు కట్టి దింపితే లోతు 15 మీటర్లు వచ్చింది. అయినా నేను తాడునే అనుమానించాను. నా సంగతి నీకు తెలియనిది కాదు.

సాయంత్రం ఏమీ తోచక సౌండర్ శబ్దం పంపడం ఆపి, వినడం మాత్రం ఉంచాను. గుట్ట చెక్కుచెదరలేదు. పిలవకుండానే బదులు పలుకుతున్నదంటే అది మన ప్రతిధ్వని కాదు గదా! మల్టీబీమ్‌ను ఆపగానే గుట్ట మాయమైంది. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,490 మీటర్లు పోతుంది కనుక, మన పింగు తర్వాత 8 మిల్లీసెకన్లకు చెవిన పడిన పరాయి కూతను సౌండర్ 6 మీటర్ల లోతుగా గీస్తుంది. రెండింటి పింగుల వేగాలు బాగా తేడాగా ఉంటే ఆ కూతలు ఏటవాలు చారలుగా చెదిరిపడి ఎవరికైనా పట్టుబడేవి. నేను రెండింటినీ ఒకటే చేయడంతో చక్కని గీతగా కుదిరింది. రెండు యంత్రాల గడియారాల నడుమ వెంట్రుకంత తేడా ఉండటం వల్ల అది వాలుగా జరిగింది. కాజీపేటలో నీ గడియారాన్ని నమ్మి మనం... సరే, ఆ రైలు ఊసు ఇప్పుడెందుకులే.

మరునాడు మల్టీబీమ్‌ను పెద్దగా నిలిపి, అది కూసినప్పుడల్లా సౌండర్‌కు సైగ అందేలా దాని ట్రిగ్గర్ తీగను కలిపాము. సౌండర్ మేము అనుకున్న క్షణాన కూయలేదు. ఆ తీగలో వచ్చే కరెంటు పల్స్ పైకి లేచే అంచున అది కదలాలని మేము అనుకుంటే, అది దిగే అంచు కోసం కాచుకొని కూర్చున్నది. ఈ ఒక్క ముక్క తెలియడానికి రెండు గంటలు పట్టింది. రెండూ ఒకేసారి కూస్తే అడుగు నుంచి వచ్చే బదులు ఎవరిదో తేలదు. అడుగును తాకి 20 మిల్లీసెకన్లకు, ఉపరితలానికి తగిలి మళ్లీ అడుగు దాకా పోయి 40కి శబ్దం తిరిగి వస్తుంది కాబట్టి, సౌండర్‌ను మల్టీబీమ్ కూత తర్వాత 60 మిల్లీసెకన్లు ఆగి కూయమన్నాము. మొత్తం చక్రం 120 మిల్లీసెకన్లు అయింది, సెకనుకు 8 పింగులే మిగిలాయి. అయినా మా పడవ నడకకు పావు మీటరుకొక లోతు దొరుకుతుంది, అది చాలు. నీటి వేగం కొలిచే 600 కిలోహెర్ట్జ్ ప్రవాహమాపకం జోలికి మాత్రం పోలేదు, దాని గొంతు వేరు.

పాడైన మూడు రోజుల గీతలను మళ్లీ తిరగాలి. పై అధికారికి గుట్ట సంగతి ఇంకా చెప్పలేదు. మల్లన్న మాత్రం రోజూ పడవెక్కగానే "ఇయ్యాల గుట్ట ఎటు దిక్కు సారూ?" అని అడుగుతున్నాడు. నిన్న నేను అతనితో... కరెంటు పోయింది, సెల్లు వెలుగులో అక్షరాలు కనబడటం లేదు. ఉంటాను.

నీ
రాజయ్య