మూలకణాల పేరుతో ఆశల వ్యాపారం

సంపాదకునికి,

విజయవాడ సూర్యారావుపేట ఆస్పత్రుల వీధుల్లో 'మూలకణాలతో ఏ క్యాన్సరైనా నయం' అంటూ కరపత్రాలు పంచుతున్నారు. వెనకవైపు వాయిదాల వివరాలు కూడా అచ్చేశారు!

మూలకణాలంటే (స్టెమ్ సెల్స్) వేరే రకాల కణాలుగా మారగల కణాలు. వాటితో చేసే చికిత్స బూటకమేమీ కాదు. రక్త క్యాన్సర్లలో ఎముక మజ్జ (ఎముకల లోపల రక్తకణాలు తయారయ్యే మెత్తని భాగం) మార్పిడి దశాబ్దాలుగా ప్రాణాలు నిలబెడుతోంది. దానికి బాట వేసిన అమెరికా వైద్యుడు డోనల్ థామస్‌కు 1990లో నోబెల్ దక్కింది. గట్టి మోతాదు మందులతో రోగగ్రస్త మజ్జను తుడిచేసి, కణజాల రకం సరిపోలిన దాత మూలకణాలను రక్తంలోకి ఎక్కిస్తారు. సొంత తోబుట్టువైనా పూర్తిగా సరిపోలే అవకాశం 25 శాతమే. అంత జాగ్రత్తగా చేయాల్సిన వైద్యాన్ని ఒక్క సూదిమందుగా అమ్మజూపడం దారుణం.

కరపత్రం చెప్పని సంగతి మరొకటుంది. క్యాన్సర్‌లోనూ మూలకణాల లక్షణాలున్న కణాలు ఉంటాయని 1990లలో కెనడా శాస్త్రవేత్త జాన్ డిక్ బృందం ల్యుకేమియాలో (ఒక రక్త క్యాన్సర్) చూపింది. కీమోథెరపీకి లొంగక మిగిలిన ఇలాంటి కణాలే జబ్బు తిరగబెట్టడానికి ఒక కారణమని భావిస్తున్నారు. ఏ మూలకణాలు, ఏ క్యాన్సర్‌కు అని అడగకుండా డబ్బు కట్టేదెలా?

రక్త సంబంధ వ్యాధుల్లో ఆమోదం పొందినవి తప్ప మిగతా మూలకణ చికిత్సలు క్లినికల్ ట్రయల్స్‌లోనే (మనుషులపై జరిపే ప్రయోగ పరీక్షలు) జరగాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పొలం అమ్ముకుని వచ్చే పల్లెవాసులకు ఈ విషయం ఎవరు చెబుతారు? జిల్లా వైద్య ఆరోగ్య అధికారులు ఈ ప్రకటనలపై వెంటనే చర్య తీసుకోవాలి.

– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ