కలెక్టర్ గారూ, మా ధర్నాకు ఊళ్లో చోటు చూపించండి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

జిల్లా కార్యాలయాలన్నీ ఒకేచోట పెట్టిన సమీకృత కలెక్టరేట్ గురించి మీకు చెప్పనవసరం లేదు, మీరు కూర్చునేది అందులోనే. జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి గురించీ చెప్పనవసరం లేదు, ప్రతి సోమవారం వేదిక మీద ఉండేది మీరే. ధర్నాలకు పట్టణంలో ఒక స్థలం కేటాయించమని మేము ఇచ్చిన అర్జీల గురించి మాత్రం చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే వాటిని ఎవరైనా చదివిన ఆనవాలు కనిపించడం లేదు. మీ కార్యాలయం మా అర్జీని మున్సిపాలిటీకి పంపింది. మున్సిపాలిటీ పోలీసులకు పంపింది. పోలీసులు శాంతిభద్రతల విషయం కాబట్టి కలెక్టర్ గారే నిర్ణయించాలంటూ మీ కార్యాలయానికే తిప్పి పంపారు. ఇంతలో నా ఫోనుకు సమస్య పరిష్కారమైందని సందేశం వచ్చింది. ఆ పరిష్కారం ఏ వీధిలో ఉందో తెలిస్తే అక్కడికే వెళ్లి కూర్చునేవాళ్లం. తెలియకనే ఈ బహిరంగ లేఖ.

నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని. ఏ పార్టీకీ చెందినదాన్ని కాను. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాతి వాక్యం ఎవరూ చదవరు కనుక చెబుతున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లను దగ్గర నుంచి చూశాను. పదవీ విరమణ తర్వాత వాళ్లకు అర్జీలు రాసిపెట్టడం నా పనిగా మారింది. బిల్లులు నెలల తరబడి రాకపోతే కిరాణా కొట్టులో అరువు పెట్టి, కొట్టువాడి మాటలు పడి, పిల్లలకు వేళకు అన్నం పెట్టేది వాళ్లే. ఆ బిల్లుల సంగతి వేరే అర్జీలో ఉంది, ఇక్కడ ఎత్తను. ఆ బిల్లులు అడగడానికి వాళ్లు ఎక్కడ కూర్చోవాలి అన్నదొక్కటే ఇప్పుడు నా ప్రశ్న.

కిందటి ధర్నా రోజు ఏం జరిగిందో మీ అధికారులు మీకు ఏమని చెప్పారో నాకు తెలియదు, కాబట్టి నేను చూసింది చెబుతాను. మండలాల నుంచి వచ్చినవాళ్లు బస్టాండులో దిగి, బైపాస్ మీద ఎక్కడో ఉన్న మీ కార్యాలయానికి షేర్ ఆటోలు పట్టుకున్నారు. గౌరవ వేతనం అందని మనుషులు దాన్ని అడగడానికి ఆటో ఛార్జీలు చేబదులు తెచ్చుకున్నారు. తీరా చేరుకున్నాక గేటు ముందు కూర్చోకూడదన్నారు, వాహనాలకు అడ్డమట. రోడ్డు దాటించి, అటువైపు కాలువ కోసం తవ్వి వదిలేసిన మట్టికుప్పల పక్కన కూర్చోబెట్టారు. షామియానా వేయనివ్వలేదు. గుంజలు పాతితే రోడ్డు అంచు దెబ్బతింటుందట. మైకుకు అనుమతి లేదు. ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. కొంగులు తలమీద కప్పుకుని నినాదాలిస్తే ప్రతి లారీ హారనుకూ సగం నినాదం కొట్టుకుపోయింది.

ఇక నీళ్లు. వాళ్లు తెల్లవారుజామున ఇంట్లో బయలుదేరినప్పటి నుంచి చుక్క తాగలేదు. సీసాలు చేతిలో ఉన్నాయి, అయినా తాగలేదు. ఎందుకు తాగలేదో ఆడవాళ్లెవరికైనా చెప్పనవసరం లేదు. మగ అధికారుల కోసం చెబుతున్నాను: తాగితే వెళ్లడానికి చోటు లేదు. షుగరు ఉన్న ఒకామె ఆగలేక గేటు దగ్గరికి వెళ్లి అడిగింది. లోపలి మరుగుదొడ్లు సిబ్బందికి మాత్రమేనని కాపలాదారు చెప్పాడు. అతని తప్పేమీ లేదు, అతనికి చెప్పింది అదే. అంతస్తు అంతస్తుకూ మరుగుదొడ్లున్న భవనానికి ఎదురుగా, ఆమె తుమ్మపొదల వెనక్కి వెళ్తే తోటివాళ్లు ఇద్దరు చీరను అడ్డంగా పట్టుకుని నిలబడ్డారు. అటుగా పోతున్న లారీ క్లీనరు ఈల వేశాడు. ఆమె తిరిగి వచ్చి కూర్చున్నాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ రోజు ఆమె పలికిన నినాదాల్లో ఒక్కటి కూడా మీ కిటికీ దాకా చేరి ఉండదు. ఏసీ గదుల కిటికీలు మూసే ఉంటాయి కదా.

సాయంత్రం నాలుగింటికి ఒక అధికారి వచ్చారు. పక్కనున్న చిన్న గేటు కొద్దిగా తెరిచి, నిలబడే వినతిపత్రం తీసుకున్నారు. "పైకి పంపిస్తాం" అన్నారు. గేటు మూశారు. ఆ రోజంతా మా ధర్నాను చూసినవాళ్లు ఎవరో తెలుసా? లారీ డ్రైవర్లు, మేకలు కాసుకునే ఒక ముసలాయన, ఫోనులో మా ముఖాలు వీడియో తీసుకున్న ఇద్దరు కానిస్టేబుళ్లు.

పాత కలెక్టరేట్ ముందు ఇలా ఉండేది కాదు. మీరు వచ్చేనాటికే అది ఖాళీ అయింది, అందుకే చెబుతున్నాను. బస్టాండుకు కూతవేటు దూరం. గేటు పక్కన వేపచెట్టు, దాని కింద టీ బండి, జిరాక్సు దుకాణం, అర్జీలు రాసేవాళ్ల బల్లలు. అక్కడ నలుగురు కూర్చుంటే బజారుకు వచ్చినవాళ్లు ఆగి "ఏమైందమ్మా?" అని అడిగేవారు. గుడ్డు బయట ఎంత, మాకు ఇచ్చే లెక్క ఎంత అని మా వంటమ్మలు చెప్పేవారు. ఆ బడిలో చదివే పిల్లల తండ్రులే అది విని నోరెళ్లబెట్టేవారు. అందరూ మెచ్చుకునేవారనీ కాదు. "మీకు ఎప్పుడూ ధర్నాలేనా, పిల్లల అన్నం సంగతేమిటి?" అని నిలదీసినవాళ్లూ ఉన్నారు. వాళ్లతో మావాళ్లు వాదించేవారు. టీ బండి దగ్గర ఆ వాదన చీకటి పడేదాకా సాగేది. విలేకరి నడుచుకుంటూ వచ్చేవాడు. ఇప్పుడు అతను ఫోనులో ఫొటో పంపమంటున్నాడు, బైపాస్ దాకా రావడానికి పెట్రోలు ఖర్చు ఎవరిస్తారని. అతన్నీ తప్పుపట్టలేను.

మా గోడు మీ ఒక్కరికే చెప్పుకోవాలనుకుంటే కాగితం చాలు, ధర్నా అక్కర్లేదు. ఊరికి తెలియాలని కూర్చుంటాం. ఊరికి కనబడని చోట కూర్చోబెట్టి, మీ హక్కును మేమేమీ కాదనలేదే అంటే ఎలా సార్?

పోనీ, పట్టణంలో ఇంకెక్కడైనా కూర్చుందామంటే అన్నీ మూతపడ్డాయి. పాత కలెక్టరేట్ ఆవరణకు తాళం, అక్కడ దుకాణాల సముదాయం కడతారని వినికిడి. అంబేడ్కర్ కూడలిని సుందరీకరించారు. చుట్టూ ఇనుప కంచె, మధ్యలో ప్రారంభోత్సవం నాడు మాత్రమే ఎగసిన ఫౌంటెన్, ముందు ఊరి పేరుతో 'ఐ లవ్' అంటూ ఎర్రగా వెలిగే అక్షరాలు. అక్కడ సెల్ఫీ దిగవచ్చు. కూర్చుంటే మాత్రం లేపేస్తారు. కళాశాల మైదానానికి అద్దె, దానిపైన డిపాజిట్. పార్కుకు టికెట్, లోపల గుమిగూడరాదని బోర్డు. ఇంత ప్రేమించబడుతున్న ఊళ్లో మనుషులు కూర్చోవడానికి పది గజాల నేల కరువైంది.

అనుమతి అడిగితే పోలీసుల దగ్గర ఒకే మాట: "30 యాక్టు అమల్లో ఉందమ్మా." అంటే 1861 నాటి పోలీసు చట్టంలో సభలకు, ఊరేగింపులకు పోలీసుల అనుమతి కావాలనే 30వ సెక్షన్. తెల్లదొరలు 1857 తిరుగుబాటు చూసి బెదిరిపోయాక తెచ్చిన చట్టం. నెలనెలా పత్రికలో ఆ ప్రకటన చూస్తుంటాను, తేదీలు తప్ప అక్షరం మారదు. నా చిన్న సందేహం, ఏడాది పొడవునా మా జిల్లాలో ముంచుకొస్తున్న ఆ ప్రమాదం ఏమిటో ఒక్కసారి చెబితే మేమూ జాగ్రత్తపడతాం కదా? మంత్రిగారు వస్తున్నారంటే మాత్రం ప్రమాదం ఎవరో స్పష్టంగా తెలిసిపోతుంది. తెల్లవారకముందే సంఘం నాయకురాలి ఇంటికి జీపు వస్తుంది. ముందస్తు అరెస్టు. స్టేషనులో మర్యాదగానే చూశారు, టీ ఇప్పించారు, మంత్రిగారి కాన్వాయి వెళ్లిపోయాక ఇంటికి పంపారు. ఆ రోజు ఆమె బడిలో వంట ఎవరు చేశారని ఎవరూ అడగలేదు.

చట్టం గురించి మీకు చెప్పేంతదాన్ని కాను. మీరు రాజ్యాంగం చదివి పరీక్ష రాసి వచ్చినవారు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు 19వ అధికరణలో ఎక్కడుందో మీకే బాగా తెలుసు. 1972లో హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, బహిరంగ స్థలాల్లో సభలను ప్రభుత్వం క్రమబద్ధం చేయవచ్చు గానీ మొత్తంగా మూసివేయకూడదని చెప్పింది. ఢిల్లీ జంతర్ మంతర్‌లో నిరసనలను పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో ఆపేస్తే, 2018లో సుప్రీంకోర్టు ఆ సంపూర్ణ నిషేధాన్ని తొలగించింది. మీ కింది అధికారి ఒకరు నాకు ఢిల్లీ షాహీన్ బాగ్ ధర్నాపై వచ్చిన తీర్పు వినిపించారు. రోడ్లను నిరవధికంగా ఆక్రమించరాదనీ, నిర్దేశించిన స్థలాల్లోనే నిరసన తెలపాలనీ 2020లో కోర్టు చెప్పిందన్నారు. నిజమే, చెప్పింది. మరి నిర్దేశించండి! మేము ఇన్నాళ్లుగా అడుగుతున్నది అదే కదా.

హైదరాబాదులో జరిగింది మీకు తెలియనిది కాదు. ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌ను 2017లో మూసేశారు. చుట్టుపక్కల వాళ్లకు ఇబ్బందన్నారు, ట్రాఫిక్ అన్నారు, ఊరి బయట ఎక్కడెక్కడో స్థలాలు చూపించారు. కేసు హైకోర్టుకు వెళ్లాక, 2018లో మళ్లీ తెరుచుకుంది. 2021 నవంబరు 18న వడ్ల కొనుగోలు కోసం అదే ఇందిరా పార్కు దగ్గర మహాధర్నా చేసింది ఎవరు? ఆ చౌక్‌ను మూసిన ప్రభుత్వాన్ని నడుపుతున్న పార్టీయే. సాక్షాత్తూ అప్పటి ముఖ్యమంత్రిగారే వచ్చి కూర్చున్నారు. ఢిల్లీకి వినిపించాలంటే నగరం నడిబొడ్డునే కూర్చోవాలని వారికి అప్పుడు అర్థమైంది, సంతోషం. తర్వాత ప్రభుత్వం మారింది. 2023 డిసెంబరులో, అంతవరకూ ముఖ్యమంత్రి నివాసంగా ఉన్న ప్రగతి భవన్ ముందు ఇనుప కంచెలు తొలగించి దాన్ని ప్రజా భవన్ చేశారు. టీవీలో ఆ కంచెలు కోస్తుంటే చూసి నేనూ చప్పట్లు కొట్టాను. హైదరాబాదులో కోసిన ఇనుమంతా మా అంబేడ్కర్ కూడలికి వచ్చి చేరిందేమో అని ఇప్పుడు అనుమానంగా ఉంది.

ట్రాఫిక్ సంగతి కూడా మాట్లాడదాం. అంబులెన్సు ఆగకూడదు, పరీక్ష రాసే పిల్లవాడు ఇరుక్కోకూడదు. ఒప్పుకుంటాను. రోడ్డు మధ్యలో కూర్చోవాలని మేము అడగడమూ లేదు. కానీ పెళ్లి బరాత్ డీజేతో గంటసేపు కూడలిని పట్టుకుంటే 30 యాక్టు ఎక్కడుంటుంది? పదవి వచ్చిన నాయకుడికి గజమాల వేయడానికి క్రేన్ తెచ్చి రోడ్డుకు అడ్డంగా నిలబెట్టిన రోజున ఆ యాక్టుకు సెలవా? పేదవాళ్లు బిల్లులు అడిగితేనే ట్రాఫిక్ గుర్తుకొస్తుందా?

ఇంకొక మాట, కోపంతోనే రాస్తున్నాను. ఈ తెలంగాణ రాష్ట్రం ఎక్కడ పుట్టింది? కూడళ్లలో వేసిన షామియానాల కింద పుట్టింది. 2011లో సకల జనుల సమ్మె నాడు మా పాత కలెక్టరేట్ ముందే రిలే దీక్షలు చేశాం, రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశాం, బతుకమ్మ ఆడాం. ఈ రోజు మట్టికుప్పల పక్కకు తోసేసిన వంటమ్మల్లో కొందరు ఆనాడు అక్కడ గరిటె తిప్పినవాళ్లే. అప్పుడు వాళ్లను ఉద్యమకారులన్నారు, శాలువాలు కప్పారు. కొత్త జిల్లాల సంగతీ అంతే. జనగామ, సిరిసిల్ల, గద్వాల జనం రోడ్ల మీదికి వచ్చాకే 2016లో ఆ పేర్లు జాబితాలో చేరాయి. జనం కూడళ్లలో కూర్చుంటే జిల్లాలు వచ్చాయి, జిల్లాలొచ్చాక కలెక్టరేట్లు వచ్చాయి, కలెక్టరేట్లొచ్చాక జనం కూడళ్లలో కూర్చోకూడదన్నారు.

అడుగుతున్నది పెద్దదేమీ కాదు. పట్టణంలో, జనం తిరిగే చోట, ఒక స్థలం. పాత కలెక్టరేట్ ముందున్న ఖాళీ జాగా అయినా సరే. నీడ, నీళ్లు, మరుగుదొడ్డి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి అని విడిగా రాస్తున్నాను, మళ్లీ మర్చిపోతారేమోనని. అది అయ్యేదాకా మీ భవనంలోని మరుగుదొడ్లకైనా వాళ్లను రానివ్వండి, దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, కాపలాదారుకు ఒక్క మాట చెబితే చాలు. వినతిపత్రం తీసుకునే అధికారి గేటు సందులోంచి కాకుండా బయటికి వచ్చి, కూర్చుని, రెండు నిమిషాలు విని తీసుకోవాలి. ఆ స్థలం ఇప్పించండి సార్. చేతులు జోడించి అడగమంటే జోడిస్తాను, ఈ వయసులో నాకు అభిమానం అడ్డం రాదు.

ఇవ్వలేమంటారా, అదైనా కాగితం మీద చెప్పండి. ఇప్పటిదాకా మాకు వచ్చిన ప్రతి నిరాకరణా నోటిమాటే. "పైనుంచి చెప్పారు" అంటారు, పైన ఎవరో చెప్పరు. ఏ కారణంతో, ఏ చట్టం కింద, ఎవరి సంతకంతో కాదంటున్నారో రాసి ఇస్తే, ఆ కాగితం పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో మేము చూసుకుంటాం. వంట కార్మికులు వచ్చే నెల మళ్లీ ధర్నాకు సిద్ధమవుతున్నారు. అనుమతి కోసం దరఖాస్తు మీ కార్యాలయంలో, పోలీసు స్టేషనులో రెండు చోట్లా ఇచ్చాం. స్థలం అన్న గడిలో పాత కలెక్టరేట్ ముందు అని రాశాం. జవాబు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
వంట కార్మికులకు అర్జీలు రాసిపెట్టే ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు