ఇంజను కాదు తల్లీ, క్యాబిన్ చూడు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను. నువ్వు కొందామనుకుంటున్న ఆ 1970 షెవీ సీ-10, ఆ పాత షెవ్రొలే పికప్ ట్రక్కు సంగతి ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరంగా రాస్తున్నాను. శనివారం లబ్బక్ నుంచి బయల్దేరేటప్పుడు ఇది ప్రింటు తీసి జేబులో పెట్టుకో.

ముందు, ఫొటోలే చెప్పేసినవి రెండున్నాయి. అమ్మే ఆయన "ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 350 ఇంజను" అని రాశాడు. 350 అంటే 350 క్యూబిక్ అంగుళాల వీ-8, ఎనిమిది సిలిండర్లది. డ్రైవరు తలుపు స్తంభం మీది పలక చూడు. నంబరు సీ, ఎస్, 1, 4, 0 అని మొదలవుతోంది. ఆ ఏళ్ల షెవీలో మొదటి అక్షరం సీ అయితే రెండు చక్రాల డ్రైవ్, కే అయితే నాలుగు. రెండోది ఎస్ అయితే ఆరు సిలిండర్లు, ఈ అయితే వీ-8. 1, 4 కలిపితే హాఫ్ టన్ పికప్. ఆ పక్క అంకె సంవత్సరం: 7, 8, 9 అంటే 1967, 68, 69, 0 అంటే 1970, 1 అంటే 71. 1972 బళ్లకు మాత్రం ముందు ఇంకో సీ చేరింది. అంటే ఈ బండి ఆరు సిలిండర్లతో పుట్టింది, వీ-8 తర్వాత ఎవరో ఎక్కించారు. అది తప్పేం కాదు, కాకపోతే "ఒరిజినల్" అన్న మాటకు ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వకు. ఇంజను మౌంట్లు ఛాసిస్‌కి బోల్టులతో కూర్చున్నాయా, ఇష్టమొచ్చినట్టు వెల్డింగ్ కొట్టారా చూడు. రేడియేటరు ఆరు సిలిండర్లదే ఉంచేస్తే టెక్సస్ ఎండలో వీ-8 ఉడికిపోతుంది. గ్లోవ్ బాక్సు తలుపు లోపల కాగితం స్టిక్కరు మిగిలుంటే ఫొటో తియ్యి. బండి ఏయే ఆప్షన్లతో వచ్చిందో దాని మీద ఉంటుంది.

రెండోది చక్రాలు. ముందు చక్రానికి 5 నట్లు, వెనక దానికి 6. 1970 దాకా రెండు చక్రాల డ్రైవ్ హాఫ్ టన్ షెవీకి ఆరే. 1971లో ముందు డిస్క్ బ్రేకులు వచ్చాయి, వాటితోనే 5 నట్లూ వచ్చాయి. ఎవరో 71 లేదా 72 బండి ముందు భాగం క్రాస్ మెంబరుతో (ఛాసిస్ అడ్డదూలంతో) సహా తెచ్చి బిగించారన్నమాట. మంచి పనే, బ్రేకులు బాగా పడతాయి. కానీ ఒక్క స్టెపినీ ముందుకీ వెనక్కీ పనికిరాదు. వెనక కూడా 5 నట్లు కావాలంటే 71, 72 సీ-10 యాక్సిలే వెతుక్కోవాలి. 1973 తర్వాత వచ్చిన చదరపు బళ్ల యాక్సిల్ పాత బళ్ల యార్డుల్లో చవకగా దొరుకుతుంది, దాని జోలికి పోకు. వాటికి వెనక కమాన్ పట్టీలు, నీ బండికి కాయిల్ స్ప్రింగులు, ట్రైలింగ్ ఆర్ములు. పట్టుకునే చోట్లే వేరు.

ఇక అసలు సంగతి క్యాబిన్. ఇంజను పాడైతే ఇంకోటి దొరుకుతుంది, గేరుబాక్సూ అంతే. క్యాబిన్ పుచ్చిపోతే మాత్రం ఖర్చు తడిసి మోపెడవుతుంది. కొత్తగా రంగు కొట్టిన బండి మేడిపండు లాంటిది. రంగు వెలిసిపోయి, అక్కడక్కడ సొట్టలతో ఉన్న బండిని నేను ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే అది ఏదీ దాచదు. నీ ఏడో ఫొటోలో ఎడమ తలుపు వెనక, క్యాబిన్ కింది మూల మిగతా రేకు కంటే నున్నగా మెరుస్తోంది. అక్కడ పుట్టీ ఉందని నా అనుమానం.

ఫ్రిజ్‌కి అంటించే పల్చటి అయస్కాంతం ఒకటి తీసుకుని గుడ్డలో చుట్టు, రంగు గీసుకుపోకుండా. తలుపు మధ్యలో పెట్టి ఎంత గట్టిగా లాగుతోందో ముందు చేతికి తెలియనీ. తర్వాత నెమ్మదిగా జరుపుతూ క్యాబిన్ మూలలకు, తలుపు కింది రాకర్ ప్యానెల్‌కి, ముందు ఫెండర్ (చక్రం మీది రేకు) అడుగుకి రా. పట్టు సడలిన చోట పుట్టీ మందంగా ఉన్నట్టు, అసలు పట్టుకోకపోతే కింద రేకే లేనట్టు. ఎక్కడెక్కడ సడలిందో దాని చుట్టూ మాస్కింగ్ టేపు ముక్కలు అంటించుకుంటూ పో. చివరికి దూరం నుంచి చూస్తే తుప్పు పటం నీ కళ్లముందు ఉంటుంది. అమ్మే ఆయనా చూస్తాడు, బేరం అక్కడే సగం తెగుతుంది.

ఆ మూలలే ఎందుకు పోతాయో తెలిస్తే ఎక్కడ వెతకాలో నీకే తెలుస్తుంది. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర గాలి వెళ్లే జల్లెడ ఉంటుంది కదా, దాని కింద తొట్టి లాంటి ఖాళీని కౌల్ అంటారు. వాన నీళ్లు అందులో పడి రెండు పక్కలా ఫెండర్ల వెనక నుంచి నేల మీదకు కారిపోవాలి. ఆకులు, మట్టి పేరుకుంటే నీళ్లు నిలుస్తాయి, రేకు లోపల్నుంచి తింటుంది, చిల్లు పడి క్యాబిన్లోకి దిగుతాయి. నేల రేకు, దాన్నుంచి రాకర్, చివర్న వెనక మూల. మీ లబ్బక్ వైపు వాన తక్కువ కదా అనుకోకు. గాలిదుమారాల సన్నమట్టి రాకర్ లోపల పిండిలా నిండి, పడ్డ కాస్త తడినీ నెలల తరబడి పట్టి ఉంచుతుంది. అయినా ఉత్తరాది రోడ్ల ఉప్పు తిన్న బళ్లతో, ఇక్కడ హ్యూస్టన్ పక్క వరద నీళ్లు తాగిన బళ్లతో పోలిస్తే మీ వైపువి ఎన్నో రెట్లు నయం. నువ్వు అక్కడ చదువుతుండటం ఈ పనికి బాగా కలిసొచ్చింది.

ఆయన్ని అడిగి, అర గ్యాలను నీళ్లు ఆ జల్లెడలో పొయ్యి. బయట కారితే సంతోషం. లోపల కాళ్ల దగ్గర తడి కనబడితే కౌల్‌కి చిల్లు పడ్డట్టే. మ్యాట్ ఎత్తి నేల చూడు. బండి కింద దూరి, స్క్రూడ్రైవరు మొండి కొనతో రాకర్ అడుగునా, క్యాబిన్ మౌంట్ల దగ్గరా నొక్కు. టంగుమంటే ఇనుము, కరకరమంటే తుప్పు. తలుపు సగం తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తు. కదిలితే, కీలు పిన్నులే అరిగాయా, కీలు బిగించిన స్తంభమే కదులుతోందా చూడు. మొదటిది చిన్న పని, రెండోది కాదు.

నా లెక్క ఇది. బయటి రాకర్, మూలలు, నేల రేకు పోయినా భయపడకు, అన్నీ కొత్తవి దొరుకుతాయి, నువ్వు నేర్చుకుని అతికించగలవు. కౌల్, కీలు స్తంభం, ముందు అద్దం చుట్టూ ఫ్రేము, ఈ మూడింట్లో రెండు పోతే బండి ఎంత ముద్దొచ్చినా దండం పెట్టి వచ్చెయ్. డ్యాష్‌బోర్డు కూడా చూడు. పెద్ద రేడియో కోసం రంధ్రం కోసేసి ఉంటే బాగుచెయ్యడం కష్టం, ఆ రేకు క్యాబిన్లో భాగంగా వెల్డింగ్ అయి వచ్చింది, బోల్టు విప్పి మార్చేది కాదు.

రాకర్ మార్చే పని పడితే ఒక్కటి మాత్రం మర్చిపోకు. కోసే ముందు తలుపు సందులో అడ్డంగా, ఏటవాలుగా ఇనుప గొట్టాలు టాకాలు వేసి బిగించాలి, అదీ ఒకసారికి ఒక పక్కే. రెండు పక్కలా కోసేస్తే క్యాబిన్ కుంగి, తర్వాత తలుపు ఏం చేసినా మూసుకోదు. కొత్త రేకు అంచుకి ఒకటి ఒకటిన్నర అంగుళానికి ఒకటి చొప్పున 5/16 అంగుళం బెజ్జాలు వేసి, వాటిలో వెల్డింగ్ నింపు. పొడవు అతుకులైతే అంగుళం ఇక్కడ, అంగుళం దూరంగా అక్కడ, చల్లారనిస్తూ. ఒకేచోట గీసుకుంటూ పోతే పల్చటి రేకు అప్పడంలా వంకర్లు పోతుంది. చివర్న లోపలి గుల్లలోకి మైనం స్ప్రే కొట్టకపోతే అయిదారేళ్లకు మళ్లీ మొదటికొస్తావు.

ఇంజను మీద ఎక్కువసేపు ఉండకు. బ్లాకు వెనక, డ్రైవరు వైపు, గేరుబాక్సు బిగించే అంచు మీద పోత నంబరు ఉబ్బెత్తుగా ఉంటుంది. వైరు బ్రష్షుతో మడ్డి గీకి టార్చి వెయ్. 3970010 అయితే అది 350 అన్న మాట నమ్మవచ్చు. 3970020 అయితే 307. బయటికి రెండూ కవలపిల్లల్లా ఉంటాయి, అమ్మేవాళ్లందరి నోటా అది 350యే. చాలాకాలంగా తిరగని ఇంజన్ని సెల్ఫ్ కొట్టి తిప్పనివ్వకు. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆటోమేటిక్ గేరు ఆయిలు, అసిటోన్ సగం సగం కలిపి ప్రతి సిలిండర్లో కాస్త పోసి, మూడు నాలుగు రోజులు ఆగి, క్రాంకు బోల్టుకి పానా వేసి చేత్తో తిప్పాలి. తిరిగాక కంప్రెషన్ చూస్తే ఏ సిలిండరూ 100 పీఎస్ఐకి తగ్గకూడదు, అన్నిటికంటే తక్కువది ఎక్కువ దానిలో ముప్పావు వంతైనా ఉండాలి. పెట్రోలు ట్యాంకు సీటు వెనక క్యాబిన్లోనే ఉంటుంది. ఘాటు వాసన వస్తే బ్యాటరీ ముట్టుకోకముందే తలుపులు రెండూ తెరిచిపెట్టు.

బార్న్‌లో (కొట్టంలో) ఏళ్ల తరబడి నిలిచిన బండిలో ఎలుక గూళ్లు లేకుండా ఉండవు. పశ్చిమ టెక్సస్‌లో ఇది చిన్న విషయం కాదు తల్లీ, ఎలుక రెట్టల దుమ్ము పీలిస్తే హంటావైరస్ వచ్చే ప్రమాదం ఉంది. పొడిగా ఊడవకు, వాక్యూమ్ పెట్టకు. ఒక వంతు బ్లీచికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి బాగా తడిసేలా చల్లి, అయిదు నిమిషాలు నాననిచ్చి, గ్లవుజులతో కాగితం తువ్వాళ్లు పెట్టి ఎత్తెయ్. సీటు కింద చెయ్యి పెట్టేముందు టార్చి వేసి చూడు, నల్ల సాలీళ్లు అక్కడే కాపురం ఉంటాయి. బ్రేకు డ్రమ్ములు విప్పాక గాలి కొట్టి దుమ్ము లేపకు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది.

కాగితాలు. టైటిల్ (బండి ఎవరిదో చెప్పే పత్రం) మీద పేరు, ఆయన లైసెన్సు మీద పేరు ఒకటే అవ్వాలి. ఎవరో సంతకం పెట్టి వదిలేసిన టైటిల్ చేతులు మారుతూ వచ్చిందంటే ఒప్పుకోకు. ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్లి బదిలీ చేయించుకోవడం అన్నిటికంటే క్షేమం. టైటిల్ పోయిందంటే ఆయన్నే డూప్లికేటు తెప్పించమను. బాండు పెట్టి టైటిల్ తెచ్చుకునే దారి టెక్సస్‌లో ఉంది, కానీ బండి విలువకు ఒకటిన్నర రెట్లకు బాండు కట్టాలి. తలుపు స్తంభం మీది పలక రివెట్లు కొత్తగా ఉన్నాయేమో చూడు. కుడి పక్క ఛాసిస్ రైలు మీద కూడా నంబరు గుద్ది ఉంటుంది, రెండూ కలవాలి. ఒక క్యాబిన్ పలక పీకి ఇంకో దానికి కొట్టడం నేరం, రేపు ఎవరైనా మంచి క్యాబిన్ ఇస్తామన్నా ఇది గుర్తుపెట్టుకో.

బండి కొన్నాక పార్టుల వేట. కొనకముందే మొదలుపెట్టకు, ఏం కావాలో అప్పటికి తెలియదు. పాత ట్రక్కుల పార్టులు అమ్మే ఎల్‌ఎంసీ ట్రక్ వాళ్ల క్యాటలాగు తెప్పించుకో. కొనడానికే కాదు, విడదీసిన బొమ్మల్లో ప్రతి పార్టు పేరూ, ఎక్కడ కూర్చుంటుందో ఉంటుంది; యార్డులో సరైన పేరుతో అడిగితేనే సరైన పార్టు చేతికొస్తుంది. నీ 1970కి గ్రిల్ 69, 70వే. హుడ్ (బానెట్), ఫెండర్లు 69 నుంచి 72 దాకా చూడు. 67, 68 హుడ్ ముక్కు వేరు. తలుపులు 67 నుంచి 71 దాకా ఒకటే, 72 తలుపుకి లోపలి వైపు తేడాలున్నాయి. ముందు అద్దం, ఫ్లీట్‌సైడ్ (పక్కలు నున్నగా ఉండే తొట్టి) టెయిల్‌గేటు 67 నుంచి 72 దాకా ఏదైనా సరే. అవే ఏళ్ల జీఎంసీ (షెవీకి తోబుట్టువు లాంటి కంపెనీ) పికప్ కనబడితే వదలకు, క్యాబిన్, తలుపులు ఇవే, జనం షెవీ అనే వెతుకుతారు కాబట్టి అక్కడ పార్టులు మిగిలి ఉంటాయి.

రబ్బర్లు, వైరింగు, బ్రేకు పైపులు, హోసులు కొత్తవే కొను, పాతవి ఊరికే ఇచ్చినా వద్దు. ఫెండర్లు, తలుపుల విషయంలో నేను దీనికి పూర్తిగా ఎదురు. సొట్టపడ్డ పాత ఫెండర్‌ని సరిచెయ్యడం, కొత్తగా తయారైన నకలు ఫెండర్ గీత తలుపు గీతతో కలవక తంటాలు పడటం కంటే తేలిక. తలుపు మూల తిరిగే చిన్న అద్దం ఫ్రేములు, స్టీలు పట్టీలు, కోయని డ్యాష్ బెజెల్ (మీటర్ల చుట్టూ ఉండే చట్రం), హుడ్ కీళ్లు ఎక్కడ కనబడినా, ఇప్పుడు అవసరం లేకపోయినా తీసిపెట్టుకో.

ఏప్రిల్లో ఫోర్ట్ వర్త్ దగ్గర టెక్సస్ మోటర్ స్పీడ్‌వేలో పేట్ స్వాప్ మీట్ అనే పాత పార్టుల సంత జరుగుతుంది. నీకు దాదాపు 300 మైళ్లు. మంచి సరుకు మొదటిరోజు పొద్దున్నే పోతుంది, చవక ధరలు చివరిరోజు మధ్యాహ్నం వస్తాయి, ఎందుకంటే ఇనుము తిరిగి మోసుకెళ్లడం ఎవరికీ ఇష్టముండదు. అయస్కాంతం, టేపు, చిల్లర నోట్లు, విరిగిన పాత పార్టు పట్టుకెళ్లు. పక్కన పెట్టి పోల్చకుండా కొనకు.

శనివారం పొద్దున్నే వెళ్లు. ఎండ పక్కవాటంగా పడుతున్నప్పుడు బండి పొడవునా ఓరగా చూస్తే రేకు మీది అలలు కనబడతాయి, మిట్టమధ్యాహ్నం ఏదీ కనబడదు. వానపడి తడిసి ఉంటే ఇంకోరోజు వెళ్లు. రెండు జాక్ స్టాండ్లు తీసుకెళ్లు, ఉత్త జాకీ మీద లేపిన బండి కింద తల పెట్టొద్దు. రాకర్ అడుగు రెండు పక్కలా, కౌల్ జల్లెడ లోపల, బ్లాకు నంబరు, ఛాసిస్ నంబరు, ఈ ఫొటోలు అక్కణ్నుంచే పంపు. అవి చూసి నేను ఫోన్ చేసేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

నాన్న