ఖాళీ సింహాసనం మీద బుద్ధుణ్ణి కూర్చోబెట్టకండి

ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

అయ్యా,

కూడళ్లలో, ప్రభుత్వ భవనాల్లో అమరావతి శిల్పాల నమూనాలు పెట్టించేటప్పుడు కొన్ని షరతులు టెండరులోనే రాయించండి. చెక్కేశాక రాతిని దిద్దలేం.

అమరావతి స్తూపానికి సాంచీ తోరణాలు (స్తంభాల మీద అడ్డదూలాలు నిలిపిన రాతి కట్టడాలు) తగిలించొద్దు. ఇక్కడి ద్వారాలకు తోరణాలు లేవు. ద్వారం దగ్గర ప్రాకారం ముందుకు పొడుచుకొస్తుంది, స్తంభాల మీద సింహాలుంటాయి. లోపల నాలుగు దిక్కులా ఆయక వేదికలు, అంటే స్తూపం నుంచి ముందుకు పొడుచుకొచ్చిన అరుగులు, ఒక్కోదాని మీద ఐదేసి స్తంభాలు. జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, తొలి ధర్మోపదేశం, మహాపరినిర్వాణం: ఈ ఐదు ఘట్టాలకు అవి గుర్తులని పండితుల మాట. చోటు చాల్లేదని మూడు నిలబెడితే ఆ అర్థమే పోతుంది.

తొలినాటి ఫలకాల్లో బుద్ధుడి రూపం కనిపించదు. బోధివృక్షం కింద దిండు వేసిన ఖాళీ సింహాసనం, కింద చక్రం గుర్తున్న పాదముద్రలు, చుట్టూ మొక్కే జనం. కొన్నింటిలో సింహాసనం వెనక త్రిరత్నం (బుద్ధ, ధర్మ, సంఘాల గుర్తు) తలదాల్చిన అగ్నిస్తంభం. అక్కడ ఆయన ఉన్నట్టే లెక్క. వెలితిగా ఉందని విగ్రహం చేర్చడం శిల్పాన్ని పాడుచేయడమే. తర్వాతి కాలపు బుద్ధుడు కావాలంటే కుడి భుజం కప్పకుండా, చీవరం (భిక్షువు కట్టే వస్త్రం) అంచు పాదాల దగ్గర లావుగా వంపు తిరిగి ఉండాలి. రెండు భుజాలూ కప్పిన గాంధార బొమ్మను చూసి చెక్కొద్దు.

చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోని నాలాగిరి ఫలకం చూడండి. నాలాగిరి అంటే బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన మదపుటేనుగు. ఎడమవైపు ఏనుగు తొండంతో మనిషిని పట్టి విసురుతోంది, భయంతో ఒకామె పక్కవాళ్లను కరుచుకుంది. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఒకే వృత్తంలో కథంతా నడిచిపోతుంది. సగం కోసి గోడకు పెడితే మిగిలేది ఏనుగు బొమ్మే.

ఇక రాయి. పల్నాటి సున్నపురాయి వాడితే యాసిడ్‌తో కడగనివ్వొద్దు. యాసిడ్ తగలగానే నురగొచ్చి పైపొర కరిగిపోతుంది, సన్నని గీతలన్నీ పోతాయి. సిమెంటులో పొదిగితే అందులోని ఉప్పు తేమతో రాతిలోకి ఎక్కి, ఆరినప్పుడు గడ్డకట్టి, పొరలు పొరలుగా రాల్చేస్తుంది. ఇనుప బిగింపులు తుప్పుపట్టి ఉబ్బితే రాయి చీలుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు బిగింపులు పెట్టించి, వెనక గాలి ఆడేలా ఖాళీ వదిలించండి. ఎనామిల్ రంగు అసలే వద్దు.

చెక్కేముందు ప్రతి నమూనా గీతనూ పురావస్తు నిపుణులకు చూపించి సంతకం తీసుకోవాలన్న నిబంధన పెట్టండి. పక్కన తెలుగులో నాలుగు వాక్యాల పలక పెట్టించండి: ఏ ఘట్టం, ఏ గుర్తు, అసలు ఫలకం చెన్నైలో ఉందా, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉందా, అమరావతిలోనే ఉందా అని.

ఇట్లు,
అమరావతి శిల్పాన్ని అధ్యయనం చేసేవాళ్లం