గవైన్ మెడ మీది గాటు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పిల్లల పుటలో వచ్చిన ఆకుపచ్చ వీరుడి కథను నా మనవరాలికి చదివి వినిపించాను. తెలుగు సాఫీగా ఉంది, బొమ్మ ముచ్చటగా ఉంది. అయితే ఆర్థరు రాజు కొలువులోని వీరుడు గవైన్ జంకు లేకుండా గండ్రగొడ్డలి కింద తల వంచాడనీ, ఆ ధైర్యానికి మెచ్చి ఆకుపచ్చ వీరుడు చిన్న గాటైనా పెట్టకుండా దీవించి పంపాడనీ ముగించారు. మూలమైన ఆంగ్ల కావ్యం 'సర్ గవైన్ అండ్ ద గ్రీన్ నైట్'లో గాటు పడుతుంది. ఆ గాటు లేకపోతే కథే లేదని నమ్ముతాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆకుపచ్చ వీరుడు విసిరిన సవాలుకు అతని మెడ మీద గొడ్డలి దెబ్బ వేసి, ఏడాది తిరిగాక దెబ్బకు దెబ్బ కాస్తానని మాటిచ్చిన గవైన్, గడువు దగ్గరపడ్డాక ఒక కోటలో అతిథిగా దిగుతాడు. వేటలో తనకు దొరికినది గవైన్‌కు, ఇంటిపట్టున గవైన్‌కు దొరికినది తనకు చెందేలా మూడు రోజులు ఇచ్చిపుచ్చుకోవాలని కోట యజమాని ఒప్పందం పెడతాడు. యజమాని భార్య పెట్టిన ముద్దులను గవైన్ ఏ రోజువి ఆ రోజే అప్పజెబుతాడు కానీ, మూడో రోజు, కట్టుకున్నవారిని ఎవరూ చంపలేరంటూ ఆమె ఇచ్చిన ఆకుపచ్చ పట్టు నడికట్టును మాత్రం దాచుకుంటాడు. మర్నాడు గొడ్డలి దిగుతుంటే అతని భుజాలు ముడుచుకుపోతాయి. రెండోసారి కదలడు, గొడ్డలే ఆగిపోతుంది. మూడోసారి చర్మం చీలి, తన నెత్తురు మంచు మీద మెరవడం అతనే చూస్తాడు. ఆకుపచ్చ వీరుడు ఆ కోట యజమానే. తగలని రెండు దెబ్బలూ రెండు రోజుల నిజాయితీకి, గాటు దాచిన నడికట్టుకు. ప్రాణం మీది తీపితో చేశావు గనుక నీ తప్పు చిన్నదేనని అతను ఓదార్చినా గవైన్ ఊరడిల్లడు. ఆ నడికట్టును బతికినన్నాళ్లూ తన తప్పుకు గుర్తుగా ధరిస్తానంటాడు. ఆర్థరు సభ నవ్వి, అందరమూ అలాంటిదే ధరిద్దామని తీర్మానిస్తుంది. ఎవరి తీర్పు సరైనదో కవి చెప్పడు.

భారతం చెప్పేటప్పుడు మనం ధర్మరాజు ఆడిన సగం అబద్ధాన్ని పిల్లలకు దాచం. నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచే అతని రథం ఆ మాటతో కిందికి దిగిందని కూడా చెబుతాం. గవైన్ విషయంలో ఎందుకు దాచాలి?

ఈ కావ్యాన్ని 14వ శతాబ్దం చివర, పేరు తెలియని కవి ఒకరు ఇంగ్లండు వాయవ్య ప్రాంతపు మాండలికంలో 2,530 పాదాలుగా రాశారు. పాదం మొదటి సగంలో ఒత్తి పలికిన హల్లు రెండో సగంలోనూ మోగుతుంది కనుక యతికి అలవాటుపడిన మన చెవికి ఇది పరాయిగా తోచదు. పైగా ప్రతి పద్యబంధం చివరా, సీసం కింద ఎత్తుగీతిలాగా, ప్రాసతో కూడిన ఐదు పొట్టి పాదాలుంటాయి. 1731 నాటి అగ్నిప్రమాదం నుంచి బయటపడి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఒకే ఒక రాతప్రతి ద్వారా ఇది మనకు దక్కింది. అచ్చులోకి వచ్చింది 1839లో.

తిరిగి చెప్పడం తప్పని నేననను. దీన్ని తర్వాత పాటగా కుదించినవారు నడికట్టును 'బాత్' అనే ఇంగ్లండు వీరుల బిరుదు పొందినవారు ధరించే పట్టీకి మూలంగా మార్చారు గానీ గాటును ఉంచారు. ఆర్థరు కథలను కూర్చిన మాలొరీ గ్రంథంలో (1485లో అచ్చయింది) గవైన్ పగ విడువలేనివాడు, 19వ శతాబ్దపు ఆంగ్ల కవి టెన్నిసన్ చేతిలో నిలకడ లేనివాడు. వీరెవరూ అతన్ని మచ్చలేనివాణ్ణి చేయలేదు. ముద్దుల ప్రసక్తి పిల్లల పుటకు తగదనుకుంటే తగ్గించుకోండి, నడికట్టును మాత్రం వదలకండి.

అసలు ముగింపు చెప్పాక మా మనవరాలు కాసేపు ఆలోచించి, "అయితే తాతయ్యా, ఆ నడికట్టు నిజంగా పనిచేసిందా?" అని అడిగింది. కావ్యంలో దానికి జవాబు లేదు. మీ పుట చదివే మిగతా పిల్లలకూ ఆ ప్రశ్న అడిగే అవకాశం రావాలి కనుక, వచ్చే ఆదివారం నాలుగు వాక్యాల్లోనైనా అసలు ముగింపును ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తెనాలి